అపార్ట్‌మెంట్‌కి ఏ పెక్స్ పైపు మేలు? ఎ, బి, లేక మధ్యలో అల్యూమినియం ఉన్నదా?

ఇంట్లో నీళ్ళ లైన్లకి పెక్స్ (వంగే ప్లాస్టిక్ పైపు) వేయాలని నిర్ణయించుకున్నాక చాలామంది అడిగేది ఒకటే, ఎ రకం మంచిదా, బి రకం మంచిదా అని. నేను మాత్రం ముందు వేరే సంగతి అడుగుతాను: జాయింట్లు ఎక్కడ వస్తున్నాయి? గోడలోనా, స్లాబు కిందనా, లేక తలుపు తీస్తే కనబడే చోటా? విడి ఇంట్లో జాయింటు కారితే మన గోడే తడుస్తుంది, మనమే పగలగొట్టి బాగుచేసుకుంటాం. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో కారిన నీళ్ళు రెండో అంతస్తు వాళ్ళ సీలింగ్‌లో మచ్చగా కనబడతాయి, ఆ చెమ్మ ఎవరి పైపుదో తేలేసరికి రెండిళ్ళ మధ్య మాటలు కూడా ఆగిపోతాయి. అందుకే ఇక్కడ పైపు కన్నా జాయింటు గురించే ఎక్కువ ఆలోచించాలి.

ముందు ఈ అక్షరాల సంగతి. మామూలు పాలిథిలీన్‌లో గొలుసుల్లాంటి అణువులు విడివిడిగా ఉంటాయి, వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తే వచ్చేదే పెక్స్. ఆ ముడి పెరాక్సైడ్‌తో వేస్తే ఎ, సైలేన్‌తో వేస్తే బి, ఎలక్ట్రాన్ కిరణాలతో వేస్తే సి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముడిపడాల్సిన శాతం ఎ కి కనీసం 70, బి కి 65, సి కి 60. ఈ అంకెలు చూపించి ఎ ఫస్ట్ క్లాస్, బి సెకండ్ క్లాస్ అన్నట్టు అమ్మేవాళ్ళున్నారు, అది తప్పు. అవి తయారీ పద్ధతుల పేర్లు, పరీక్షలో వచ్చిన మార్కులు కావు. అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన పెక్స్ ఏ రకమైనా 23 డిగ్రీల నీళ్ళకి 160 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 82 డిగ్రీల నీళ్ళకి 100 పీఎస్‌ఐ ఒత్తిడి తట్టుకోవాలి.

అసలు తేడా పైపుని చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. ఎ మెత్తగా ఉంటుంది, బయటి వ్యాసానికి 6 రెట్ల వ్యాసార్థంతో వంచొచ్చు. బి కొంచెం బిర్రుగా ఉంటుంది, మామూలుగా 8 రెట్లు కావాలి. అంటే 16 మిల్లీమీటర్ల పైపుకి దాదాపు 10 సెంటీమీటర్ల వంపుకీ 13 సెంటీమీటర్ల వంపుకీ ఉన్న తేడా. కాగితం మీద ఇది చిన్నదే, ఇరుకైన బాత్రూమ్ గోడలో మాత్రం మూల తిరగడానికి ఒక ఎల్బో పెట్టాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. పైపు మడతపడిపోతే ఎ ని హీట్ గన్‌తో వేడి చేస్తే మళ్ళీ పాత ఆకారానికి వస్తుంది (మంట మాత్రం పెట్టకూడదు). బి లో మడతపడిన ముక్కని కోసేసి, రెండు చివరల్నీ కలిపే కప్లింగ్ వేయాలి. అంటే పనివాడి చేతిలో జరిగిన ప్రతి పొరపాటుకీ గోడలో ఒక కొత్త జాయింటు.

ఇక జాయింటు వేసే పద్ధతి. ఎ కి ఎక్స్‌పాన్షన్ పద్ధతి వాడతారు. పైపు చివర ఒక ప్లాస్టిక్ రింగు తొడిగి, టూల్‌తో సాగదీసి, వెంటనే ఫిట్టింగ్ లోపలికి దూర్చి పట్టుకుంటే, కొన్ని సెకన్లలో పైపు కళ్ళముందే ముడుచుకుని ఫిట్టింగ్‌ని బిగించేస్తుంది. చలి ఎక్కువ ఉంటే ఈ ముడుచుకోవడానికి టైమ్ పడుతుంది, తొందరపడి నీళ్ళు వదలకూడదు. టూల్‌ని ప్రతిసారీ కొంచెం తిప్పుతూ సాగదీయాలి, ఒకేచోట లాగితే పైపు లోపల గాడి పడి అక్కడి నుంచే కారుతుంది. ఇందులో మంచి సంగతి ఏంటంటే పైపు నోరు సాగాక ఫిట్టింగ్ పెడతాం కాబట్టి నీళ్ళ దారి పెద్దగా ఇరుకు కాదు.

బి కి క్రింప్ చేస్తారు. ఫిట్టింగ్ పైపు లోపలికి వెళ్తుంది, పైనుంచి రాగి రింగుని నొక్కుతారు. అర అంగుళం పెక్స్ లోపలి రంధ్రం అసలే 12 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఫిట్టింగ్ దగ్గర అది ఇంకా తగ్గిపోతుంది. ఒకటి రెండు చోట్లయితే ఫరవాలేదు, వరసగా ఆరేడు టీలూ (లైనుని రెండుగా చీల్చేవి) ఎల్బోలూ ఉంటే చివరి షవర్‌కి నీళ్ళు సన్నగా వస్తాయి. రింగు పైపు అంచు నుంచి 3 నుంచి 6 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, నొక్కాక, సరిగ్గా నొక్కుకుందో లేదో చెప్పే గేజ్ పెట్టి చూడాలి. నేను దగ్గరుండి చూసిన ఒక పనిలో గేజ్ ప్లంబర్ పెట్టెలోనే ఉండిపోయింది. ఒక జాయింటుకి రింగు తొడిగారు కానీ నొక్కడం మర్చిపోయారు. ప్రెషర్ టెస్ట్‌లో అది నిలబడింది! లోపల ఫిట్టింగ్ బిగుతుగా కూర్చోవడంతో ఆ రోజు చుక్క కూడా కారలేదు. టైల్స్ వేసి, జనం చేరాక ఊడింది. ఎక్స్‌పాన్షన్‌లో ఈ ప్రమాదం చాలా తక్కువ, ఎందుకంటే సాగదీయకపోతే ఫిట్టింగ్ లోపలికే పోదు.

అయితే ఎ యే కొనాలా? అక్కర్లేదు, లైన్లు ఎలా వేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్లాట్‌లో ఒక మానిఫోల్డ్ (ఒకే లైనుని చాలా లైన్లుగా పంచేది) పెట్టి అక్కడి నుంచి ప్రతి కుళాయికీ విడివిడిగా ఒకే ముక్క పైపు లాగితే ఒక్కో లైనుకి జాయింట్లు రెండే, ఒకటి మానిఫోల్డ్ దగ్గర, ఇంకొకటి కుళాయి దగ్గర. రెండూ చేతికి అందేవే. గోడలో, స్లాబులో దాగిన జాయింటు ఏదీ ఉండదు. ఇలా వేసేవాళ్ళకి బి ధారాళంగా సరిపోతుంది, ఎ కోసం పట్టుబట్టాల్సిన పనిలేదు. పైపు ఎక్కువ పడుతుంది, నిజమే, కానీ ఒక సింక్ బాగుచేయాలంటే ఇల్లంతా నీళ్ళు ఆపకుండా దాని ఒక్క వాల్వే కట్టేయొచ్చు. మానిఫోల్డ్‌కి చోటు లేక, ఒక పెద్ద లైను తీసి దారిలో టీలు కొట్టుకుంటూ పోవాల్సి వస్తే మాత్రం ఎ తీసుకోండి, ఎక్స్‌పాన్షన్ ఫిట్టింగులతో. ఇందులో నాకు సందేహం లేదు.

ఫిట్టింగులు ఇత్తడివి అయితే జింకు ఎక్కువున్న మామూలు ఇత్తడి వద్దు, కొన్ని రకాల నీళ్ళకి అందులోని జింకు కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. జింకు వదలని రకం ఇత్తడి గానీ, పీపీఎస్‌యూ ప్లాస్టిక్ గానీ అడగండి.

మూడోది పెక్స్ పొరల మధ్య అల్యూమినియం ఉన్న పైపు. దీన్ని వంచితే వంచినట్టే ఉంటుంది, మామూలు పెక్స్‌లా మళ్ళీ చుట్టుకుపోవాలని చూడదు. దీని అసలు బలం వేడికి సాగకపోవడం. 10 మీటర్ల లైనులో నీళ్ళు 40 డిగ్రీలు వేడెక్కితే మామూలు పెక్స్ 60 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది, సీపీవీసీ (గమ్‌తో అతికించే గట్టి ప్లాస్టిక్ పైపు) 25 దగ్గర ఆగుతుంది, ఇది 10 మాత్రమే. అందుకే అన్ని అంతస్తులకీ వెళ్ళే నిలువు లైనుకి నేను మామూలు పెక్స్ ఒప్పుకోను. అక్కడ ఈ రకమైనా ఉండాలి, సీపీవీసీ అయినా ఉండాలి. ఫ్లాట్ లోపల మాత్రం దీనితో పని కొంచెం కష్టం. కోసిన ప్రతి చివరనీ గుండ్రంగా సరిచేసి అంచు తీయాలి, లేకపోతే ఆ పదునుకి ఫిట్టింగ్‌లోని ఓ-రింగ్ (రబ్బరు రింగు) తెగుతుంది, ఫిట్టింగులు కూడా దానికోసం చేసినవే వాడాలి.

సీపీవీసీ వంగదు కాబట్టి ప్రతి మలుపుకీ ఒక ఎల్బో, ప్రతి ఎల్బోకీ రెండు గమ్ జాయింట్లు. డక్ట్‌లో (పైపుల కోసం వదిలిన నిలువు సందులో) తిన్నగా పోయే లైనుకి అది ఇబ్బంది కాదు, బాత్రూమ్ గోడలోనే ఇబ్బంది. పీఈ-ఆర్‌టీ అని ఇంకోటి ఉంది, ముడివేయని పాలిథిలీన్, వేడితో అతికించొచ్చు. ప్లంబర్‌కి అలవాటుంటే తీసుకోవచ్చు.

బిల్డింగ్ మొత్తానికీ ఒకేచోట నీళ్ళు కాచి రాత్రీ పగలూ తిప్పుతూ ఉండే వ్యవస్థ ఉంటే పైపు మీద అచ్చయిన నాలుగంకెల కోడ్ చదవండి. అమెరికా ప్రమాణంతో వచ్చే పైపు మీద పెక్స్ అనే మాట పక్కనే ఉంటుంది. మొదటి అంకె క్లోరిన్ నీళ్ళని తట్టుకునే శక్తి: 1 అయితే నాలుగో వంతు సమయం 60 డిగ్రీల నీళ్ళకి, 3 అయితే సగం సమయానికి, 5 అయితే ఎప్పుడూ వేడిగానే తిరిగే లైనుకి పనికొస్తుంది. ఇలాంటి చోట 5 తప్ప వేరేది పెట్టకండి. క్లోరిన్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో లక్షల ఇళ్ళలో వేసిన పాలీబ్యూటిలీన్ పైపులూ వాటి ప్లాస్టిక్ ఫిట్టింగులూ క్లోరిన్‌కే పెళుసుబారి పగిలాయి, కోర్టుల దాకా వెళ్ళింది. అది పెక్స్ కాదు, రెండూ వేరే పదార్థాలు, కానీ అప్పుడూ వంగే ప్లాస్టిక్ పైపు అనే నమ్మి కొన్నారు.

రెండో అంకె ఎండ సంగతి. 1 అయితే నెల, 2 అయితే 3 నెలలు, 3 అయితే 6 నెలలు ఎండలో ఉండగలదు, 0 అయితే పరీక్షే చేయలేదని అర్థం. అపార్ట్‌మెంట్ పని నెలల తరబడి సాగుతుంది, చుట్టలు డాబా మీద పడి ఉంటాయి. వాటి మీద ఏదైనా కప్పమని మొదటి రోజే చెప్పండి.

స్లాబు గుండా పైపు వెళ్ళే ప్రతి చోటా మంటకి ఉబ్బే కాలర్ ఉండాలి. నిప్పంటుకుంటే ప్లాస్టిక్ కరిగి అక్కడ కన్నం మిగులుతుంది, పొగ నేరుగా పై ఇంట్లోకి పోతుంది. కాలర్ ఉబ్బి ఆ కన్నాన్ని మూసేస్తుంది. దీన్ని ఎవరు వద్దన్నా వినకండి.

ఆఖరున టెస్టు. ప్రెషర్ ఎక్కించగానే పెక్స్ కొంచెం ఉబ్బుతుంది, లీకు లేకపోయినా ప్రెషర్ గేజ్ ముల్లు దిగుతుంది, కంగారు పడకుండా మళ్ళీ ఎక్కించి అప్పుడు టైమ్ లెక్కపెట్టాలి. ఆ ప్రెషర్‌ని టైల్స్ పని అయ్యేదాకా అలాగే ఉంచి, గేజ్ కనబడే చోట పెట్టండి. ఎవరైనా గోడకి డ్రిల్ పెట్టి పైపుకి కన్నం చేస్తే అదే నిమిషంలో ముల్లు పడిపోతుంది, అప్పటికి ఆ మనిషి డ్రిల్ పట్టుకుని అక్కడే ఉంటాడు, గోడ కూడా ఇంకా తెరిచే ఉంటుంది.