పారడైజ్ పచ్చికల్లో ఆగస్టు చివరి పూలు

సియాటిల్ పరిసరాల్లో ఉంటున్న మాకు, ఆకాశం తేటగా ఉన్న రోజున రెయినియర్ పర్వతం వీధి చివరనుంచే కనిపిస్తుంది. 14,410 అడుగుల ఆ మంచుకొండ దక్షిణపు వాలు మీద, పారడైజ్ అనే చోట పూచే అడవిపూలను చూపించాలని, రాజమహేంద్రవరం నుంచి వచ్చిన అమ్మను వెంటబెట్టుకొని ఆగస్టు చివరి వారంలో నేనూ నా భార్యా బయలుదేరాము.

ఖర్చు కలిసివస్తుందని మొదటి రాత్రి, ఆ పర్వతం చుట్టూ ఉన్న రెయినియర్ జాతీయ పార్కు ద్వారానికి వెలుపల ఒక బసలో దిగాము. గది శుభ్రంగానే ఉంది కాని హీటరు పనిచేయలేదు. ఉదయం ఏడింటికి ఇస్తామన్న ఫలహారం ఎనిమిదిన్నరకు గాని రాలేదు. ఆ ఆలస్యానికి మేము పెద్ద మూల్యమే చెల్లించాము. పైకి చేరేసరికి పార్కింగ్ నిండిపోయింది. అమ్మను సందర్శకుల కేంద్రం దగ్గర దింపి, కారును ఎంతో దిగువన రోడ్డు పక్కన నిలిపి నేను నడిచి వచ్చేటప్పటికి పదకొండు దాటడంతో, ఆ రోజు పెద్ద నడకను మానుకున్నాము.

అయితే అమ్మతో కలిసి మర్టిల్ జలపాతం దాకా వెళ్ళడం అందువల్లనే కుదిరింది. తారు వేసిన బాట కనుక మోకాళ్ళ నొప్పులున్న ఆమె కూడా మెల్లగా నడవగలిగింది. దారి పక్కన ఊదారంగు లూపిన్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. అరచేయి విప్పినట్టుండే వాటి ఆకుల నడుమ ఒక్కొక్క నీటిబొట్టు చెదరకుండా నిలిచి ఉంది. పూజకు కోసే అలవాటుతో అమ్మ చేయి చాచి, కోయకూడదని చెప్పగానే వెనక్కి తీసుకొని, ఆ బొట్టును చాలాసేపు చూస్తూ నిలబడింది. బాట దాటి పచ్చికలో అడుగు పెట్టవద్దన్న నియమాన్ని అందరూ పాటించాలని నా మనవి. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కింద ఉండే ఆ నేలలో, ఒకసారి నలిగిన మొక్క తిరిగి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

రెండో రాత్రి పారడైజ్ ఇన్‌లో ఉన్నాము. 1917లో తెరిచిన ఈ బస వేసవిలో మాత్రమే నడుస్తుంది. గదుల్లో టీవీ ఉండదు. పాత భవనంలోని గదులు చిన్నవి, చాలా వాటికి స్నానాల గది ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు అనుబంధ భవనంలో విడి స్నానాల గది ఉన్న దాన్ని ముందుగా తీసుకోవడం మేలు. అద్దె ఎక్కువే. అయినా తెల్లవారుతూనే తలుపు తీసి నేరుగా బాట ఎక్కగలిగే సౌకర్యానికి ఆ డబ్బు తగినదేనని నా అభిప్రాయం.

మర్నాడు అమ్మను హాల్లో నెగడు దగ్గర కూర్చోబెట్టి, పులిహోర పొట్లం కట్టుకొని మేమిద్దరం స్కైలైన్ బాట పట్టాము. మొత్తం చుట్టు 5.5 మైళ్ళు, ఎక్కుడు దాదాపు 1,700 అడుగులు. ఎడమవైపునుంచి మొదలుపెడితే నిస్క్వాలీ హిమానీనదం పక్కనే ఉంటుంది. మంచు విరిగే చప్పుడు రెండుసార్లు వినిపించింది. పనోరమా పాయింట్ నుంచి ఆడమ్స్, సెయింట్ హెలెన్స్ శిఖరాలు తేటగా కనిపించాయి. అక్కడ బండల మధ్య మార్మాట్ అనే పెద్ద నేల ఉడుత ఒకటి ఈలవేసి కలుగులోకి దూరింది.

దిగేటప్పుడు చుట్టు పూర్తి చేయకుండా గోల్డెన్ గేట్ అడ్డదారిని ఎంచుకున్నాము. పూలకోసమే వెళ్ళేవారికి నేను చెప్పేది ఆ దారే. ఎర్రని పెయింట్‌బ్రష్, తెల్లని బిస్టార్ట్, లేత ఊదా ఆస్టర్లు వాలంతా పరుచుకొని ఉన్నాయి. మంచు కరిగిన వెంటనే పూచే పాస్క్‌ఫ్లవర్లు అప్పటికే రాలిపోయి, దువ్వని జుట్టులాంటి గింజల కుచ్చులు కాడల మీద నిలిచాయి. హకిల్‌బెర్రీ పొదల ఆకులు అంచుల్లో ఎర్రబారుతున్నాయి. తడి నేలలో, బాటకు జానెడు దూరంలో, ముదురు నీలి జెన్షియన్లు ఎండ తగలక ఇంకా మొగ్గల్లా ముడుచుకొని ఉంటే, అవి విచ్చుకునేదాకా అక్కడే రాతిమీద కూర్చొని పులిహోర తిన్నాము.