ఓడ దిగిన కారా, పెట్టెల్లో వచ్చిన కారా, పెనుకొండ కారా: ఏది మేలు?

2025 జూలై 15న ఒకే రోజు రెండు విద్యుత్ కార్ల ధరలు బయటికొచ్చాయి. టెస్లా మోడల్ వై ₹59.89 లక్షల నుంచి, కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీ ₹17.99 లక్షల నుంచి. మొదటిది షాంఘైలో తయారై ఓడెక్కి వచ్చింది. రెండోది శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారవుతోంది. ఈ రెండూ ఒక తరగతి కార్లు కావు. అందుకే ధరల్లో తేడానంతా సుంకం నెత్తిన రుద్దితే తప్పవుతుంది. కానీ ఏ కంపెనీ అయినా మన దేశానికి కారు తేవాలంటే ముందు తేల్చుకోవలసింది మాత్రం సుంకం సంగతే. నిండు కారుగా తేవాలా, విడగొట్టి తెచ్చి ఇక్కడ బిగించాలా, రేకు దగ్గర్నుంచి ఇక్కడే చేయాలా?

కస్టమ్స్ వాళ్ల భాషలో నిండు కారు సీబీయూ. విడగొట్టి తెచ్చే కిట్లు రెండు రకాలు. ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌మిషన్ ముందే బిగించకుండా తెస్తే సీకేడీ. వాటిలో ఏదైనా బిగించేసి, ఛాసిస్‌కు మాత్రం తగిలించకుండా తెస్తే వాడుకలో ఎస్‌కేడీ. సీకేడీకి 15 శాతం సుంకం, సర్‌ఛార్జీతో 16.5. ఎస్‌కేడీకి 2023 బడ్జెట్ నుంచి 35. నిండు కారుకు మామూలుగా 70. ఓడ ఖర్చు, బీమా కలిపిన విలువ 40,000 డాలర్లు దాటితే 110. ఈ 110ని 2025 బడ్జెట్లో 70 శాతం మూల సుంకం, 40 శాతం వ్యవసాయ సెస్సు అని రెండుగా చీల్చారు. పత్రికల్లో “సుంకం తగ్గింది” అని పెద్దక్షరాల్లో వచ్చింది గానీ, కట్టే మొత్తం మారలేదు.

ఆ 40,000 డాలర్ల గీత దగ్గర ఒక గొయ్యి ఉంది. 39,500 డాలర్ల కారు మీద సుంకం 27,650. కారు విలువ 40,500 అయితే సుంకం 44,550. వెయ్యి డాలర్లు పెరిగిన కారుకు సుంకమే 16,900 డాలర్లు పెరిగింది. అందుకే గీతకు దగ్గరగా ఉన్న మోడళ్లలో పెద్ద చక్రాలు, ఖరీదైన స్పీకర్లు కంపెనీ ఊరికే వదులుకోదు. అవి పెడితే కారు గీత దాటిపోతుంది.

లెక్క వేసి చూద్దాం

ఒక పెద్ద పెట్రోల్ కారు రేవులో దిగే విలువ ₹50 లక్షలు అనుకుందాం. సుంకం 55 లక్షలు కలిస్తే 105 లక్షలు. దాని మీద 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న 40 శాతం జీఎస్టీ 42 లక్షలు. మొత్తం ₹1.47 కోట్లు. ఇందులో కంపెనీ లాభం, డీలరు వాటా, రోడ్డు పన్ను ఏవీ లేవు.

అదే కారును సీకేడీగా తెస్తే కిట్ విలువ 42 లక్షలు, ఇక్కడి బిగింపు, ఇక్కడ కొన్న భాగాల ఖర్చు 6 లక్షలు అనుకోండి. సుంకం 6.93 లక్షలు. మొత్తం 54.93, జీఎస్టీ కలిపితే ₹76.9 లక్షలు. ఎస్‌కేడీ అయితే కిట్ 44, ఇక్కడి ఖర్చు 4 లక్షలు, సుంకం 15.4, జీఎస్టీతో ₹88.8 లక్షలు. కిట్ విలువలు నేను ఊహించినవే గానీ, శాతాలు అసలువి.

చాలామంది గమనించని మాట ఒకటుంది. రేవులో కట్టిన జీఎస్టీ తర్వాత అమ్మకం జీఎస్టీలో సర్దుబాటు అవుతుంది. కస్టమ్స్ సుంకం కాదు. అది కారు ఖరీదులో కలిసిపోయి, దాని మీద మళ్లీ జీఎస్టీ పడుతుంది. అంటే పెద్ద పెట్రోల్ కారు మీద రూపాయి సుంకం కొనేవాడి దగ్గరికొచ్చేసరికి రూపాయి నలభై పైసలు. విద్యుత్ కారుకు జీఎస్టీ 5 శాతమే కాబట్టి రూపాయి ఐదు పైసలతో ఆగిపోతుంది. పైన చెప్పిన ₹50 లక్షల కారే విద్యుత్‌ది అయితే, 110 శాతం సుంకం కట్టినా ₹1.10 కోట్ల దగ్గర నిలుస్తుంది. ఖరీదైన విద్యుత్ కార్లను విడగొట్టే శ్రమ లేకుండా నిండుగానే తెచ్చి అమ్మగలుగుతున్నారంటే సగం కారణం ఇదే.

నిండు కారు ఎవరికి మేలు

ఏడాదికి వందల్లో అమ్ముడయ్యే మోడల్‌కు ఇంతకన్నా మంచి దారి లేదు. ఫ్యాక్టరీ అక్కర్లేదు, అచ్చులు అక్కర్లేదు, మోడల్ ఆడకపోతే తర్వాతి ఓడ ఆపేస్తే సరిపోతుంది. 2018 నుంచి ఒక కంపెనీ ఏడాదికి 2,500 కార్ల వరకు ఇక్కడి హోమోలోగేషన్ పరీక్షలు (కారు మన నిబంధనలకు తగినదని తేల్చేవి) మళ్లీ చేయించకుండా తేవచ్చు. షరతులు ఉన్నాయి: స్టీరింగ్ కుడివైపే ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే దేశానికి తగ్గట్టు పడాలి.

అమెరికా నుంచి తిరిగొచ్చే మనవాళ్లు “మా కారు కూడా తెచ్చుకుంటే?” అని అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వాడిన కారుకు వయసు మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవులోనే దింపాలి, సుంకం కొత్తదానికంటే ఎక్కువ. ఇవన్నీ ఓర్చుకున్నా అమెరికా కారుకు స్టీరింగ్ ఎడమవైపు. కాబట్టి అక్కడే అమ్మేసి రావడం మంచిది.

పెట్టెల్లో వచ్చే కారు

రేంజ్ రోవర్ కథ చూస్తే సీకేడీ బలం తెలుస్తుంది. 2024 మేలో రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్ బిగింపు పుణెలో మొదలుపెడుతున్నామని ఆ కార్ల కంపెనీ జాగ్వార్ ల్యాండ్ రోవర్ (జేఎల్‌ఆర్) ప్రకటించింది. బ్రిటన్ బయట ఆ కార్లను బిగించడం అదే మొదలు. ధరలు 18 నుంచి 22 శాతం తగ్గాయి. కారు మారలేదు, వచ్చే పెట్టె మారింది.

ఇంజన్ ఎవరు బిగిస్తారన్నదే ఇక్కడ అసలు కిటుకు. ఇంజన్ ముందే బిగిసి వస్తే కిట్ మొత్తం 35 శాతంలో పడుతుంది. బీఎండబ్ల్యూ కోసం చెన్నైలో, మెర్సిడెస్ కోసం చాకన్‌లో ఫోర్స్ మోటార్స్ ఇంజన్లు బిగించి ఇస్తున్నదీ ఈ తేడా వల్లే. అంటే సుంకం గీసిన చోటే పని పుట్టింది, గీత దాటి లోపలికి పోలేదు. సిలిండర్ బ్లాకు పోత పోయడం, క్రాంక్ షాఫ్ట్ చెక్కడం విదేశంలోనే ఉండిపోయాయి.

ఈ దారిలో తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలుసుకోవాలి. కిట్లు లాట్ల లెక్కన వస్తాయి. ఒక లాట్‌లో ఒక్క డోర్ ట్రిమ్ గీరుకుపోయినా ఆ కారు లైను చివర ఆగిపోతుంది, ఎందుకంటే పక్క వీధిలో దొరికే భాగం కాదది. కంటైనర్లో తేమ చేరితే రంగు వేయని ఇనుప భాగాలకు తుప్పు. సర్క్యూట్లున్న పెట్టె ఆలస్యమైతే మిగతా కారంతా సిద్ధంగా ఉండి ఎదురుచూడాలి. అందుకే అనుభవమున్న కంపెనీలు కొన్ని వారాల నిల్వ గోదాములో ఉంచుకుంటాయి. ఆ నిల్వ మీద సుంకం ముందే కట్టేసి ఉంటారు, అదొక వడ్డీ భారం.

ఇంకో చిక్కు కాగితాల మీద. విడివిడిగా వచ్చిన భాగాలన్నీ కలిస్తే కారే అవుతుందంటే, దాన్ని కారుగానే లెక్కించాలన్నది అంతర్జాతీయ కస్టమ్స్ వర్గీకరణ రెండో సూత్రం. కిట్‌ను ముక్కలు చేసి వేర్వేరు బిల్లుల కింద “విడిభాగాలు” అని తెస్తే సుంకం 5 నుంచి 15 శాతం. ఇంజన్ ముందే బిగిసిన కిట్‌గా చూస్తే 2023 బడ్జెట్‌కు ముందు 30, తర్వాత 35. స్కోడా ఆటో ఫోక్స్‌వ్యాగన్ ఇండియాకు 2024లో 140 కోట్ల డాలర్ల నోటీసు వెళ్లింది ఈ ఆరోపణ మీదే. కంపెనీ దాన్ని ఒప్పుకోకుండా బాంబే హైకోర్టుకు వెళ్లింది.

ఇలాంటి తగాదాలు మన దేశానికే ప్రత్యేకం కాదు. అమెరికాలో సరకు వ్యాన్ల మీద 25 శాతం, ప్రయాణికుల కార్ల మీద 2.5 శాతం సుంకం ఉండేది. ఫోర్డ్ ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లు టర్కీ నుంచి వెనక సీట్లతో, కిటికీలతో దిగేవి. రేవు దాటగానే సీట్లు పీకేసి సరకు వ్యాన్లుగా మార్చేవారు. ఆ వివాదాన్ని 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టి ఫోర్డ్ పరిష్కరించుకుంది. సుంకంలో పెద్ద మెట్టు ఉన్నచోట దాన్ని దాటవేసే తెలివీ పుడుతుంది. ఆ తెలివికి బిల్లు పదేళ్ల తర్వాత వస్తుంది.

రేకు దగ్గర్నుంచి ఇక్కడే

నిజమైన ఫ్యాక్టరీలో వరసగా రేకును అచ్చుల్లో ఒత్తే ప్రెస్ షాపు, వాటిని అతికే బాడీ షాపు, పెయింట్ షాపు, అసెంబ్లీ ఉంటాయి. బాడీ రంగు వేసుకుని వచ్చే కిట్‌కు మొదటి మూడూ అక్కర్లేదు. డబ్బు ఎక్కువ మింగేవి అవే. ప్రతి మోడల్ తలుపుకూ, బానెట్‌కూ వేరే అచ్చులు చేయించాలి. ఆ ఖర్చు వేల కార్ల మీదికి పంచితేనే గిట్టుబాటు.

కియా మూడు దారులూ ఒకేచోట చూపించింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ ₹9.69 లక్షలకు వచ్చింది, ఇక్కడే తయారీ. 2020లో కార్నివాల్ ₹24.95 లక్షలకు, కిట్‌గా తెచ్చి బిగించింది. 2022లో ఈవీ6 ₹59.95 లక్షలకు, నిండు కారుగా దిగుమతి. కంపెనీ ఒకటే, అమ్ముడయ్యే సంఖ్యను బట్టి దారులు మూడు. మూడేళ్ల తర్వాత అందరూ కొనగలిగే ధరకు విద్యుత్ కారు కావాల్సి వచ్చినప్పుడు ఓడ వైపు చూడలేదు, క్లావిస్ ఈవీని ఎర్రమంచిలోనే చేసింది.

ఈ దారికి ఆలస్యం అనే లోపం ఉంది. కియాకు ఒప్పందం నుంచి మార్కెట్‌కు 28 నెలలు పట్టింది, ఇదే వేగమని చెప్పాలి. గొల్లపల్లి జలాశయం నీళ్లు, 44వ నంబరు జాతీయ రహదారి, వెంట వచ్చిన కొరియా విడిభాగాల కంపెనీలు, ఇవన్నీ కుదిరితేనే అది సాధ్యమైంది. సుంకం రాత్రికి రాత్రి మారుతుంది, ఫ్యాక్టరీ మారదు. 2025 ఏప్రిల్ 3 నుంచి అమెరికా దిగుమతి కార్ల మీద 25 శాతం అదనంగా వేసినప్పుడు వెంటనే ఊరట దొరికింది అప్పటికే అక్కడ లైన్లు ఉన్నవాళ్లకే. అదే ఏడాది మార్చిలో జార్జియాలో తెరుచుకున్న హ్యుందాయ్ ఫ్యాక్టరీని ప్రకటించింది 2022లో.

కేంద్రం 2024 మార్చిలో తెచ్చిన విద్యుత్ కార్ల పథకం ఈ ఆలస్యాన్ని పూడ్చాలని చూసింది. ₹4,150 కోట్లు పెట్టుబడి పెడతామని మాటిచ్చినవారు 35,000 డాలర్లు, ఆపైన విలువున్న విద్యుత్ కార్లను ఏడాదికి 8,000 చొప్పున ఐదేళ్లు 15 శాతం సుంకానికే తెచ్చుకోవచ్చంది. బదులుగా మూడేళ్లలో 25, ఐదేళ్లలో 50 శాతం విలువ ఇక్కడే కలపాలని షరతు పెట్టింది. టెస్లాకు ఇక్కడ షోరూములు తెరవడం మీదే తప్ప తయారీ మీద ఆసక్తి లేదని భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామి 2025 జూన్‌లోనే చెప్పారు. ఏడాదికి కొన్ని వేల కార్లే అమ్మగలనని లెక్క వేసుకున్నవాడికి 15 శాతం ఎర కూడా చిన్నదే.

నా ఓటు ఎటు

కొనేవారైతే ధర కన్నా ముందు డీలరును మూడు ప్రశ్నలు అడగండి. ముందు అద్దం, హెడ్‌లైటు, బంపరు నిల్వ మన దేశంలో ఉందా, ఆర్డరు పెట్టి తెప్పించాలా? వాటి ధరలెంత? జీరో డిప్రిసియేషన్ బీమా (భాగం పాతబడిందని కోత పెట్టకుండా డబ్బిచ్చేది) ప్రీమియం ఎంత? బిగింపు పుణెలో జరిగినా భాగం ఐరోపాదే అయితే, గుద్దుకున్న రోజున అది దిగుమతి కారే.

రాష్ట్రాల వైపు నుంచి చూస్తే, సీకేడీ లైనుకు భూమి, రాయితీలు ఇచ్చేముందు ఒక లెక్క చూసుకోవాలి. ఆ లైను బతికేది 110కీ 16.5కీ మధ్య ఉన్న ఖాళీలో. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో కోటా లోపల వచ్చే నిండు కార్ల సుంకం క్రమంగా 10 శాతానికి దిగుతుంది. 2026 జనవరిలో ఐరోపా సమాఖ్యతో ఖరారైన ఒప్పందం కూడా కోటా పెట్టి అదే 10 వైపు దించుతోంది. కిట్ మీద సుంకం కూడా దానితోపాటు దిగకపోతే, కోటా లోపల నిండు కారే చవక. అప్పుడు పెట్టెలు విప్పి బిగించే పని ఎవరికి కావాలి? కోటా నిండేదాకా ఆ లైను ఖాళీగా కూర్చుంటుంది. ప్రెస్ షాపు, పెయింట్ షాపు కట్టుకుని, చుట్టూ విడిభాగాల కంపెనీలను కూర్చోబెట్టుకున్న ఎర్రమంచి లాంటి చోటుకు ఆ బెంగ తక్కువ. ₹10 లక్షల కారును ఓడలో తెచ్చి దానితో పోటీ పడాలంటే 10 శాతం సుంకం కూడా బరువే.