వర్చువల్ రేసు, రోడ్డు రేసు: రెండింటికీ డబ్బు కట్టి పరుగెత్తిన అనుభవం

నేను మొదటిసారి బిబ్ (రేసులో ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) తగిలించుకున్నది 2019లో. అప్పటి నుంచి తొమ్మిది రేసుల్లో రోడ్డు మీద అందరితో కలిసి పరుగెత్తాను. మరో ఆరు వర్చువల్ రేసులకు రుసుము కట్టి, ఒక్కదాన్నే పరుగెత్తి, ఫలితాన్ని యాప్ ద్వారా పంపాను. హాఫ్ మారథాన్‌ను (సుమారు 21 కిలోమీటర్లు) రెండున్నర గంటల లోపు ముగించగలిగే సామాన్య రన్నర్‌ని. డాక్టరు చెప్పారని మొదలుపెట్టిన నడక, ఇష్టం పెరిగి పరుగైంది. మా కాలనీలో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లు ‘ఇంటి దగ్గరే పరుగెత్తి మెడల్ తెప్పించుకోవచ్చు కదా, అంత దూరం వెళ్లి రోడ్డు మీద పరుగెత్తడం ఎందుకు?’ అని తరచూ అడుగుతుంటారు. కట్టిన డబ్బుకు ఎక్కడ ఏం దక్కిందో, ఏం దక్కలేదో ఉన్నదున్నట్టు చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

వర్చువల్ రేసులు అంతకుముందూ ఉన్నా, మనలో చాలామందికి అవి పరిచయమైంది 2020లోనే. 1897లో మొదలైన బోస్టన్ మారథాన్ ఆ ఏడాది చరిత్రలో తొలిసారి రద్దయి, సెప్టెంబరులో వర్చువల్‌గా జరిగింది. అక్టోబరు 4న లండన్ మారథాన్‌లో ఎలైట్ రన్నర్లు (అగ్రశ్రేణి పోటీదారులు) సెయింట్ జేమ్స్ పార్కు చుట్టూ పరుగెత్తగా, మిగిలినవాళ్లు ఎవరున్న ఊళ్లో వాళ్లు ఆ ఇరవై నాలుగు గంటల్లో 42.195 కిలోమీటర్లు పూర్తి చేశారు. నవంబరు 29న జరిగిన ఢిల్లీ హాఫ్ మారథాన్‌దీ అదే పద్ధతి: రోడ్డు మీద ఎలైట్ రన్నర్లు, యాప్‌లో మనలాంటివాళ్లు. ఆ రోజుల్లో ఇల్లు దాటడమే గగనం కనుక, వర్చువల్ రేసు చేసిన మేలును నేను ఎప్పటికీ తక్కువ చేసి చెప్పను. క్యాలెండరులో ఒక తేదీ, చేతిలో ఒక బిబ్ నంబరు ఉండడం వల్లే ఆ చలికాలమంతా నా పరుగు ఆగలేదు.

నా మొదటి వర్చువల్ హాఫ్‌ను 2020 డిసెంబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పూర్తి చేశాను. ఆర్ట్స్ కాలేజీ ఎదుటి నుంచి మొదలుపెట్టి, సుమారు మూడు కిలోమీటర్ల చుట్టును ఏడు సార్లు తిరిగాను. మావారు స్కూటరు మీద మంచినీళ్ల సీసా, ఒక చిన్న డబ్బాలో ఉప్పు కలిపిన నిమ్మరసం పట్టుకుని ప్రతి చుట్టుకీ ఒకచోట నిలబడ్డారు. ఆయన స్కూటరు తీసుకుని వచ్చింది నీళ్ల కోసం మాత్రమే కాదు. తెల్లవారుజామున ఐదు గంటలకు, చీకటి పూర్తిగా విడవని రోడ్డు మీద ఆడమనిషి ఒంటరిగా రెండు గంటలకు పైగా పరుగెత్తాలంటే వీధికుక్కల భయం ఒకటి, మనుషుల భయం మరొకటి. వర్చువల్ రేసు ప్రకటనల్లో ‘ఎప్పుడైనా, ఎక్కడైనా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ మాట మగవాళ్లకు ఎంత నిజమో మాకు అంత నిజం కాదని, ఆ సేవలు నడిపేవాళ్లు గుర్తించాలని నా కోరిక.

ఇక ఫలితం సంగతి. ఆ రోజు నా వాచీ రెండు సమయాలు చూపించింది. నీళ్లు తాగడానికి, షూ లేసు కట్టుకోవడానికి ఆగిన నిమిషాలను తీసేస్తే 2 గంటల 17 నిమిషాలు, వాటిని కలిపితే 2 గంటల 26 నిమిషాలు. రోడ్డు మీది రేసులో గడియారం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి, అక్కడ లెక్కకు వచ్చేది రెండోదే. కానీ నేను స్క్రీన్‌షాట్ పంపిన సంస్థ మొదటి సమయాన్నే తీసుకుని ఈ-సర్టిఫికెట్ మీద ముద్రించింది. సరిదిద్దమని రెండు సార్లు రాశాను, జవాబు రాలేదు. నా పేరు పక్కన నేను సాధించని సమయం ఉండడం నన్ను చాలా రోజులు బాధించింది. అదే జాబితాలో పైన ఉన్న ఒకరి హాఫ్ మారథాన్ సమయం 52 నిమిషాలు. ఆ నెలలోనే, డిసెంబరు 6న, కెన్యా రన్నర్ కిబివొట్ కాండీ వలెన్సియాలో 57 నిమిషాల 32 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ 52 నిమిషాలు సైకిలు మీదివో, మోటారు వాహనం మీదివో తెలుసుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. చూసి తీసివేసే మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఫలితాలను పరిశీలించే మనిషి లేనప్పుడు వరుస సంఖ్యలు ఇవ్వడం మానేయాలి. ‘పూర్తి చేశారు’ అని మాత్రం రాసి ఊరుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు.

మెడల్ పదకొండు వారాలకు వచ్చింది. రిబ్బను మీద రేసు పేరు ఉంది, దూరం లేదు. ఐదు కిలోమీటర్లవాళ్లకూ హాఫ్‌వాళ్లకూ ఒకే మెడల్ పంపారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత నేను చేరిన ఐదు వర్చువల్ రేసుల్లో రెండు ఇంతకంటే చాలా శ్రద్ధగా నడిచాయి. స్క్రీన్‌షాట్‌కు బదులు వాచీ నుంచి నేరుగా పరుగు వివరాలు తీసుకోవడం, మొత్తం సమయాన్నే లెక్కించడం, మెడల్‌ను రేసు తేదీకి ముందే బిబ్‌తో పాటు పంపడం వాటిలో చూశాను. ముందే పంపిన మెడల్‌ను అట్టపెట్టెలోనే ఉంచి, పరుగు ముగిశాక తెరిచి మెడలో వేసుకున్నప్పుడు కలిగిన తృప్తి నిజమైనదే.

రోడ్డు మీది రేసుల్లో నేను ఎక్కువగా పరుగెత్తింది మా నగరపు రేసులోనే. హైదరాబాద్ రన్నర్స్ 2011లో మొదలుపెట్టిన హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, రోడ్ నంబర్ 45, దుర్గం చెరువు కేబుల్ వంతెన మీదుగా గచ్చిబౌలి చేరే దారి అది. ఈ దారి గురించి కొత్తవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఎత్తుపల్లాలు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున చదునుగా ఉన్న మొదటి కిలోమీటర్లలో ఉత్సాహపడి వేగం పెంచినవాళ్లు, పంజాగుట్ట దాటి జూబ్లీహిల్స్ వైపు ఎక్కేటప్పుడు ఆ ఉత్సాహానికి మూల్యం చెల్లిస్తారు. ఫ్లైఓవర్ ఎక్కడం ఒక ఎత్తు, ఎండ లేకపోయినా చెమట ఆరనివ్వని ఆగస్టు ఉక్క మరొక ఎత్తు. చలికాలంలో చదును రోడ్డు మీద తీసిన సమయాన్ని ఇక్కడ ఆశించకూడదు. నా సమయం ఇక్కడ ప్రతిసారీ ఎనిమిది, పది నిమిషాలు పెరుగుతుంది, అయినా నాకు అన్నిటికన్నా ఇష్టమైన రేసు ఇదే.

ఇష్టానికి కారణం ఉంది. మిగతా రోజుల్లో పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద మనిషి నడవలేడు. ఆ ఒక్క ఉదయం వాహనాలను ఆపి, పోలీసులు కూడలి కూడలిలో నిలబడి, ఆ రోడ్డును కాలినడకవాళ్లకు అప్పగిస్తారు. కేబుల్ వంతెన 2020 సెప్టెంబరులో ప్రారంభమైనప్పటి నుంచి నేను దాని మీద కారులో ఎన్నోసార్లు వెళ్లాను. కింద చెరువు నీళ్లు ఏ రంగులో ఉంటాయో నాకు తెలిసింది మాత్రం పరుగెత్తుతూ దాటిన రోజునే. ఆ వంతెన దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు మొరాయించాయి. అక్కడ నీళ్లు అందిస్తున్న ఒక కాలేజీ అమ్మాయి నారింజ తొనలు, చిటికెడు ఉప్పు నా చేతిలో పెట్టి, ‘ఆంటీ, ఆగకండి, మెల్లగా అయినా సరే కదులుతూనే ఉండండి’ అంది. స్కూటరు పక్కన నడిపిస్తూ మావారు అదే మాట అన్నప్పుడు నాకు కోపం వచ్చేది, ముక్కూమొహం తెలియని పిల్ల అంటే మాత్రం కాళ్లు కదిలాయి. వెనకా ముందూ వేలమంది ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్న రోడ్డు మీద, తెల్లవారుజామున, ఎటూ చూసుకోకుండా పరుగెత్తగలగడం ఎంత పెద్ద విషయమో మరో స్త్రీకి నేను వివరించి చెప్పనక్కర్లేదు.

సాంకేతికంగా చూసినా రోడ్డు రేసు రుసుములో మూడు వంతులు విలువ కొలతలోనే ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో దూరాన్ని కొలిచేటప్పుడు, సైకిలు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే పరికరం అమర్చి, మలుపుల దగ్గర రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో వెళ్తూ, సాధ్యమైనంత పొట్టి దారిని కొలుస్తారు. కొలతలో పొరపాటు జరిగినా దూరం తగ్గిపోకుండా ప్రతి వెయ్యి మీటర్లకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. అందుకే 21.0975 కిలోమీటర్ల హాఫ్ ముగిసేసరికి మన వాచీ 21.3 అనో 21.4 అనో చూపిస్తుంది. దారి ఎక్కువ పెట్టారని నిర్వాహకులను నిందించేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాను. మనం మలుపుల్లో బయటి అంచు వెంట పరుగెత్తడం, మెట్రో వంతెన కిందా ఎత్తయిన భవనాల మధ్యా జీపీఎస్ తప్పడం వల్ల వచ్చే తేడా అది. ఉస్మానియా చెట్ల కింద నా వాచీ 21.1 చూపించిన రోజున నేను నిజంగా ఎంత దూరం పరుగెత్తానో ఈ కారణంగానే ఖచ్చితంగా చెప్పలేను.

సమయం విషయమూ అంతే. బిబ్ వెనుక అంటించిన చిన్న చిప్, ప్రారంభ గీత దగ్గర పరిచిన మ్యాట్‌ను దాటినప్పుడు మన లెక్క మొదలై, చివరి మ్యాట్ దగ్గర ముగుస్తుంది. మధ్య దారిలోనూ మ్యాట్లు ఉంటాయి కాబట్టి, దారి మధ్యలో తప్పుకుని అడ్డదారిన వచ్చినవాళ్లు దొరికిపోతారు. బిబ్‌ను మడవకండి, నడుము చుట్టూ వెనక్కి తిప్పి కట్టుకోకండి; చిప్ చదవబడకపోతే పరుగంతా పత్రం లేని చదువు అవుతుంది. బోస్టన్ మారథాన్‌లో చేరడానికి ముందుగా చూపాల్సిన అర్హత సమయంగా వర్చువల్ సమయం చెల్లదన్న నియమం వెనుక ఉన్నది ఈ కొలతే.

ఇంత చెప్పినంత మాత్రాన రోడ్డు రేసులన్నీ ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. రెండేళ్ల కిందట నగర శివారులో ఒక పది కిలోమీటర్ల రేసుకు 900 రూపాయలు కట్టాను. చెప్పిన వేళకు నలభై నిమిషాలు ఆలస్యంగా, వేదిక మీద ప్రసంగాలన్నీ ముగిశాక, ఎండ ఎక్కిన తర్వాత మొదలుపెట్టారు. ఏడో కిలోమీటరు దగ్గరి నీళ్ల బల్ల మీద ఖాళీ గ్లాసులు మాత్రమే మిగిలాయి. నీళ్లు ముందు వెళ్లే వేగస్తులకంటే వెనకవచ్చే మాలాంటివాళ్లకే ఎక్కువ అవసరం. ఎండలో ఎక్కువసేపు ఉండేది మేమే. మధుమేహం ఉందని బిబ్ వెనుక రాసుకున్న ఒక పెద్దాయన రోడ్డు పక్క కూర్చుండిపోతే, అంబులెన్సు ఎక్కడుందో అక్కడి వాలంటీరుకు తెలియదు. మాతో పరుగెత్తుతున్న ఒక నర్సు తన నడుము సంచిలోని గ్లూకోజు ఇచ్చి, ఆయన కోలుకునేవరకు పక్కనే కూర్చుంది. ఆడవాళ్లకు పెట్టిన రెండు మరుగుదొడ్లలో ఒకదానికి గొళ్లెం లేదు. టీ-షర్టులు మాత్రం చాలా బాగున్నాయి, అయితే అన్నీ మగవాళ్ల కొలతల్లోవే. ఆ అనుభవం తర్వాత నేను టీ-షర్టు బొమ్మ చూసి డబ్బు కట్టడం మానేశాను. నీళ్లు ఎన్ని కిలోమీటర్లకు ఒకచోట ఉంటాయి, దారిని ఎవరు కొలిచారు, వైద్య సహాయం ఎక్కడెక్కడ ఉంటుంది అన్న మూడు ప్రశ్నలను నిర్వాహకులకు రాస్తాను. జవాబు రాని చోట చేరను.

విశాఖ నేవీ మారథాన్ గురించి కూడా ఒక మాట. నావికాదళం 2014 నుంచి బీచ్ రోడ్డు మీద నిర్వహిస్తున్న ఈ రేసులో నేను ఒక్కసారే హాఫ్ పరుగెత్తాను. సముద్రం వైపు కురుసుర జలాంతర్గామి, దాని వెనక ఎగిసే అలలు, ఎదురుగా పొద్దుపొడుపు. సముద్రపు గాలి ఎదురొచ్చినప్పుడు కష్టం, వీపు తట్టినప్పుడు సుఖం. తెన్నేటి పార్కు వైపు ఎత్తు ఉంటుంది, దాచుకోవలసిన బలం దానికోసం దాచుకోవాలి. రాత్రి రైలెక్కి వెళ్లిరావడానికి అయిన ఖర్చు రుసుముకు మూడింతలైనా నాకు విచారం లేదు.

రోడ్డు రేసును ఇంత ఇష్టపడుతూ వర్చువల్ రేసుకు ఇప్పటికీ ఏడాదికి ఒకసారి ఎందుకు డబ్బు కడుతున్నానో కూడా చెప్పాలి. మా ఆడపడుచు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. అక్కడి రేసుకు నేను వెళ్లలేను, ఇక్కడి రేసుకు తను రాలేదు. మూడేళ్లుగా మేమిద్దరం ఒకే వర్చువల్ టెన్ కె (పది కిలోమీటర్ల) రేసులో పేర్లు ఇచ్చుకుంటున్నాం. నాకు ఆదివారం తెల్లవారుజాము ఐదున్నర అయినప్పుడు వేసవి గడియారం ప్రకారం తనకు శనివారం రాత్రి ఎనిమిది. తను వీధి దీపాల కింద, నేను ఉస్మానియా చెట్ల కింద, చెవిలో ఫోను పెట్టుకుని ఒకేసారి మొదలుపెడతాం. మొదటి రెండు కిలోమీటర్లు ‘వదినా, మీ అడుగుల చప్పుడు వినిపిస్తోంది’ అంటూ మాట్లాడుతుంది, ఆ తర్వాత ఇద్దరికీ ఊపిరే మాట. సర్టిఫికెట్ మీది సమయాన్ని మేం చూసుకోం. ఈ అక్టోబరుకు కూడా ఇద్దరి రుసుమూ నేనే కట్టాను, తన మెడల్‌ను కూడా మా ఇంటికే తెప్పించి, సంక్రాంతికి తను వచ్చినప్పుడు ఇవ్వాలని.