ర్యోన్‌డార్ఫ్‌లో అడెనావర్ ఇల్లు: మెట్లెక్కే ఓపిక ఉంటే వదలొద్దు

జర్మనీలో బాన్‌లో ఉన్నవాళ్లకు ఒక పూట ఖాళీ దొరికితే ర్యోన్‌డార్ఫ్ వెళ్లమంటాను. బాన్ రైల్వే స్టేషన్ దగ్గర 66 నంబర్ ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటించి, ఒడ్డు వెంబడే తీసుకెళ్లి ఆ ఊళ్లో దింపుతుంది. పశ్చిమ జర్మనీ మొదటి ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) కొన్‌రాడ్ అడెనావర్ 1937 నుంచి 1967లో కన్నుమూసేదాకా ఉన్న ఇల్లు అక్కడే కొండవాలులో ఉంది. టికెట్ లేదు. సోమవారం సెలవు. ఇంటి లోపలికి గైడ్‌తోనే పంపుతారు కాబట్టి టైము ముందే కనుక్కోండి. కింద ఉన్న ఎగ్జిబిషన్ మాత్రం మనంతట మనమే తిరిగి చూసుకోవచ్చు.

ముందే చెబుతున్నా, మెట్లు చాలా ఉన్నాయి. "మామయ్యగారూ, నిదానంగా రండి" అని మా అల్లుడు పైనుంచి అంటుంటే, నేను మధ్యమధ్యలో ఆగి గులాబీలు చూస్తున్నట్టు నటించాను. ఎనభై దాటిన మనిషి ఇవే మెట్లు దిగి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం మళ్లీ ఎక్కేవాడంటే ఒళ్లు ఎలాంటిదో మరి!

పైకి వెళ్లాక రాజభవనం లాంటిదేదో ఉంటుందనుకుంటే నిరాశే. పిల్లలు ఎక్కువగా ఉన్న పద్ధతైన కుటుంబం ఇల్లు, అంతే. నాకు నచ్చింది కూడా అదే. నేను సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పాఠంలో అడెనావర్ 1949లో హఠాత్తుగా ఊడిపడతాడు. ఈ ఇల్లు అంతకుముందు సంగతి చెబుతుంది, ఎందుకంటే ఇది ఛాన్సలర్ కట్టుకున్న ఇల్లు కాదు, ఉద్యోగం పోయినవాడు కట్టుకున్న ఇల్లు. 1917 నుంచి కొలోన్ మేయర్‌గా ఉన్న మనిషిని 1933లో నాజీలు తీసేశారు. హిట్లర్ ఊరికొస్తే ఎదురు వెళ్లలేదు, వంతెన మీద కట్టిన స్వస్తిక జెండాలు విప్పించాడు. ఆ తర్వాత దాదాపు ఏడాది మారియా లాఖ్ మఠంలో తలదాచుకున్నాడు. చివరికి కొలోన్ నగరంతో రాజీ కుదిరి చేతికొచ్చిన డబ్బుతో, 61వ ఏట, ఇక్కడ గోడలు లేపి గులాబీలు నాటాడు. అక్కడితో ఆయన కథ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

ఖాళీగా కూర్చునే రకం కాదు లెండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కొలోన్‌లో తిండికి కరువొస్తే మొక్కజొన్న పిండితో రొట్టె, సోయా పిండి కలిపి సాసేజ్ తయారు చేయించాడు. ఆ సాసేజ్‌కు సొంత దేశం పేటెంట్ ఇవ్వలేదు, 1918 జూన్‌లో బ్రిటన్ ఇచ్చింది. అప్పటికి రెండు దేశాలూ ఇంకా యుద్ధంలోనే ఉన్నాయి! ఉద్యోగం లేని రోజుల్లో, చిరిగిన మేజోళ్లు కుట్టేటప్పుడు లోపల పెట్టుకునే గుడ్డు ఆకారపు దిమ్మలో బల్బు అమర్చాడు. కుట్టు బాగా కనబడాలని. ఛాన్సలర్ అయిన మనిషి మేజోళ్ల గురించి అంత ఆలోచించాడంటే ఆ రోజులు ఎంత పొడుగ్గా గడిచాయో అనిపించింది.

1944లో నాజీల రహస్య పోలీసు గెస్టపో ఆయన్ను పట్టుకుపోయింది. ఆయన తప్పించుకుంటే భార్య గుస్సీని పట్టుకెళ్లింది. ఆయన దాక్కున్న చోటు ఆమెతో చెప్పించారు. ఆ కుంగుబాటుతో, పాడైన ఆరోగ్యంతో ఆమె 1948లో పోయింది. ఇంట్లో తిరిగేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పక్కనున్న బాన్‌లో ప్రభుత్వం ఏర్పడి ఆయన ఛాన్సలర్ అయ్యేనాటికి ఈ ఇంట్లో ఆమె లేదు.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం 1949 ఆగస్టు 21 సంగతి దగ్గర. ఎన్నికలైన వారానికి, ఆదివారం నాడు, పార్టీ పెద్దల్ని కొందర్ని ఈ ఇంటికే పిలిచాడు. కాఫీ, భోజనం, మంచి వైన్. ఆయన పార్టీ సీడీయూ కూటమికి 139 సీట్లు, సోషల్ డెమోక్రాట్లకు 131. ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడపాలని పార్టీలో చాలామంది అనేవారు. ఆయన ససేమిరా అన్నాడు. ఛాన్సలర్ ఎవరన్నప్పుడు తన పేరే ముందుకొచ్చేలా చూసుకుని, "ఈ వయసులో చేయొచ్చా అని డాక్టర్‌ని అడిగాను, ఏడాది, రెండేళ్లయినా పర్లేదన్నాడు" అనే అర్థంలో చెప్పాడు. అప్పటికి 73 ఏళ్లు. ఏడాదో రెండేళ్లో కదా అని ఊరుకున్న వాళ్ల మీద 14 ఏళ్లు పెత్తనం చేశాడు. సెప్టెంబర్ 15న పార్లమెంటులో పడిన ఓట్లు 202, కావలసినవి సరిగ్గా 202. అందులో ఆయన ఓటూ ఉంది. భోజనం పెట్టి పని కానిచ్చుకోవడం ఒక విద్య, ఒప్పుకోవాలి.

ఫ్రాన్స్‌తో 1963 ఒప్పందం, 1955లో మాస్కో వెళ్లి దాదాపు పదివేల మంది యుద్ధ ఖైదీలను విడిపించడం, ఇజ్రాయెల్‌కు పరిహారం, ఇవన్నీ తెలిసినవే. నాకు మింగుడుపడనిది గ్లోబ్కె వ్యవహారం. యూదుల హక్కులు లాక్కున్న నాజీల న్యూరెంబర్గ్ చట్టాలకు వ్యాఖ్యానం రాసిన ఈ అధికారిని ఛాన్సలర్ ఆఫీసుకు పెద్దను చేసి, ఎంతమంది అరిచినా 1963లో తాను దిగిపోయేదాకా కదపలేదు. గులాబీలు చూసి మురిసిపోతూ ఇది మర్చిపోకూడదు.

తోటలో బోచా ఆడే మైదానం ఉంది. బంతులు దొర్లించే ఈ ఆట ఇటలీలో కోమో సరస్సు దగ్గర సెలవులకు వెళ్లినప్పుడు ఒంటబట్టింది. ఇంకాస్త పక్కన, జ్ఞాపకాలు రాసుకున్న చిన్న పెవిలియన్. తోటలోంచి రైన్ కనబడుతుంది. ఆయన పోయాక శవపేటికను కొలోన్ నుంచి పడవ మీద ఆ నదిలోనే ఊరికి తెచ్చారు.

సమాధి ఊరి పైన అడవిలోని శ్మశానంలో ఉంది, అదీ ఎక్కుడే. నేను కింద కూర్చున్నాను, మా అల్లుడు వెళ్లొచ్చాడు. గులాబీల కోసమైతే జూన్‌లో వెళ్లండి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.