మనిషి కనిపించకపోతే ముందు వెతకాలా, స్టేషన్‌కి ఫోన్ చేయాలా?

మా పెదనాన్నకు డెబ్బై దాటాయి. మతిమరుపు. ఒక సాయంత్రం చెప్పులేసుకుని బయటికి పోయినవాడు దీపాలు పెట్టే వేళ దాటినా రాలేదు. అరగంటలో వాకిట్లో నలభై మంది చేరారు. బ్యాటరీ లైట్లు, బండ్లు, తలా ఒక దారి. ఆయన ఒంటి మీద ఏ చొక్కా ఉందో మాత్రం తేలలేదు. నేను తెల్లదన్నాను, పెద్దమ్మ గళ్ల చొక్కా అంది.

ఊరి జనం వెతకడం తేలిగ్గా తీసేసేది కాదు. ఏ బావికి గోడ లేదో, ఏ వాగులో ఎక్కడ గుంట ఉందో వాళ్లకే తెలుసు. నడుమెత్తు పత్తి చేలో పడిపోయిన మనిషి పది అడుగుల దూరం నుంచి కూడా కనబడడు. అలాంటి చేలన్నీ గాలించడం ఇద్దరు కానిస్టేబుళ్ల వల్ల అయ్యే పని కాదు. కానీ జనానికి లెక్క ఉండదు. ఆ రాత్రి చెరువుకట్ట మూడుసార్లు చూశారు, పడమటి వైపు ఒక్కరూ పోలేదు. పైగా అంతమంది తొక్కిన నేల మీద పోలీసు కుక్క వాసన పట్టడం కష్టం. దానికి చూపించాల్సిన విడిచిన బట్టల్ని మా వదిన అప్పటికే సర్ఫ్‌లో నానబెట్టింది!

ఇక స్టేషన్ సంగతి. 24 గంటలు ఆగాలన్న మాట ఊళ్లలో ఇంకా తిరుగుతోంది. ఏ చట్టంలోనూ అది లేదు. 112కి వెంటనే ఫోన్ చేయొచ్చు. పిల్లలు కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పోలీసులతో అసలు లాభం, కబురు ఊరు దాటడం. మనిషి బస్సెక్కి ఉంటే మన చేలు ఎంత గాలించినా దండగే. సెల్ టవర్ వివరాలు కూడా వాళ్లు అడిగితేనే కంపెనీ ఇస్తుంది. కాకపోతే పల్లెల్లో ఒక్కో టవర్ కింద నాలుగైదు ఊళ్లుంటాయి. మా పెదనాన్న ఫోనైతే ఇంట్లోనే ఛార్జింగ్‌లో ఉంది.

వాట్సాప్ ఈ రెండింటికంటే వేగం. తేదీ వేయకపోతే మనిషి దొరికాక కూడా ఆ ఫొటో ఏడాది తిరుగుతుంది. ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్లు బాగా ఆలోచించుకుని పెట్టాలి. అయినా నేను వద్దనను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంటూ ఇదే వాట్సాప్‌లో పుకార్లు లేస్తే, తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. పేరు చెప్పలేని ముసలాయన రాత్రిపూట పరాయి ఊళ్లో తిరుగుతుంటే ఆ ఊరివాళ్లేమనుకుంటారు? అందుకే చుట్టుపక్కల సర్పంచులకు ఫొటో ముందే పోవాలి.

అంజనం వేయించుదామని కూడా ఒకరన్నారు. వేయించుకోండి, ఎవరినీ వెతుకులాట మాన్పించకుండా.

నన్నడిగితే మొదటి ఫోన్ 112కే. ఒకరు ఫోన్‌లో ఉండగానే మిగతావాళ్లు బయల్దేరొచ్చు. కానీ బండి తీసేముందు ఇంటి ఆడవాళ్లను రెండు ముక్కలు అడగాలి: ఏం కట్టుకున్నాడు, ఈమధ్య ఏ మాట తలుస్తున్నాడు. మేం ఆ రెండో ప్రశ్న రాత్రి పదింటికి గానీ అడగలేదు. "బాయికాడ మోటరు బంద్ చేయాలంటున్నడు వారం నుంచి" అంది పెద్దమ్మ. ఆ చెలక అమ్మేసి ఇరవై ఏళ్లయింది. ఊరికి పడమర. పాత మోటరు షెడ్డు గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, గళ్ల చొక్కాలో.