బుగ్గవంకలో మునిగిన మా మర మోటార్లను బతికించిన వైండింగ్ షాపు

మాది కడపలో పిండి మర. 2020 నవంబరు చివర్లో నివర్ తుపాను ఎక్కడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే మనకేంలే అనుకున్నాం, బుగ్గవంక వాగు పొంగి మా మరలో మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి. మూడు మోటార్లూ మునిగాయి.

ముందు నా తెలివితక్కువ పని చెప్పాలి. జల్లెడకుండే చిన్న సింగిల్ ఫేజ్ మోటారును ఒకపూట ఎండలో పెట్టి, పైకి పొడిగా కనిపించేసరికి ఆన్ చేశాను. గుర్రుమంది, పొగ, అంతే. మిగతా రెండూ ఆటోలో వేసుకుని ఎర్రముక్కపల్లె వైపున్న ఈ మోటారు వైండింగ్ షాపుకు పోయాను. రేకుల షెడ్డు, బోర్డు కూడా సరిగా లేదు. షాపు నడిపే భాయ్ అడిగింది ఒకటే, "కరెంటు ఇచ్చినావా అన్నా?" వీటికి ఇవ్వలేదన్నాక, "అయితే బతుకుతాయిలే" అన్నాడు.

కారం మిషన్ ఏడున్నర హెచ్‌పీ మోటారు మూత విప్పితే టీ డికాక్షన్ లాంటి నీళ్లు కారాయి, కాయిల్స్ సందుల్లో ఒండ్రు. దాన్ని మంచినీళ్లతో కడిగాడు (మళ్లీ నీళ్లా అని నాకు గుండె ఆగినంత పనైంది), తర్వాత లోపల బల్బు వేలాడదీసి పైన గోనెపట్ట కప్పాడు. కాయిల్స్‌లో తడి ఎంత ఆరిందో తెలిపే మెగ్గర్ అనే మీటరును పొద్దునా సాయంత్రం తిప్పి చూడ్డం. రెండో రోజుకు ముల్లు ఒక మెగోమ్ దాటింది, ఇంక ఇచ్చెయ్ భాయ్ అంటే వినలేదు, ఇంకా ఆరబెట్టి, వార్నిష్ పోసి, బేరింగులు కొత్తవి వేశాకే ఇచ్చాడు. రీవైండింగ్ (పాత తీగ తీసేసి కొత్తది చుట్టడం) అంటే ఆయనకే ఎక్కువ డబ్బులు, అయినా నేను కాల్చుకున్న చిన్నదానికి తప్ప చేయలేదు.

అసలు మర నిలబడింది ఇంకోదానివల్ల. షెడ్డు మూలనున్న పాత ఐదు హెచ్‌పీ మోటారు అద్దె లేకుండా ఇచ్చాడు. నాలుగో రోజుకే మర తిరిగింది. ముందు నూకలు పోసి, రాళ్లకు పట్టిన బురద వదిలేదాకా ఆడించి పారబోసి, ఆ తర్వాతే జనం రాగులు తీసుకున్నా. కారం మిషన్ మాత్రం వారం దాకా లేదు, ఆ గిరాకీ వేరే మరకు పోయింది.

లోపాలు లేవా అంటే, ఫోన్ ఎత్తడు, చెప్పిన రోజుకు ఇవ్వడు, బిల్లు అడిగితే బేరింగు డబ్బా అట్ట మీద రాసిచ్చాడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకోవాలనుకుంటే ముందే గట్టిగా బిల్లు అడగండి. శుక్రవారం మధ్యాహ్నం పోవద్దు, మూసుంటుంది. పోయేటప్పుడు మోటారుతో పాటు స్టార్టర్ కూడా విప్పి తీసుకెళ్లండి, నేను అది మర్చిపోయి రెండుసార్లు ఆటో పెట్టుకున్నా.