ఇంటి పన్ను గొడవ: టెక్సస్‌లో ఎవరి నివేదిక చదవాలి?

ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొన్న మనవాళ్లకు ఏటా తప్పని టెన్షన్ ప్రాపర్టీ టాక్స్. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కదా, ఆ లోటు ఇక్కడ తేలుతుంది. దీని మీద ఎక్కువగా వినిపించే విధాన పరిశోధన సంస్థలు రెండు.

టెక్సస్ పబ్లిక్ పాలసీ ఫౌండేషన్: 1989లో పుట్టిన కన్సర్వేటివ్ సంస్థ.
ఎవ్రీ టెక్సన్: 1985లో బెనెడిక్టైన్ సన్యాసినులు వేరే పేరుతో మొదలుపెట్టారు. మొగ్గు ఎడమవైపు.

ఖర్చు: రెండింటి నివేదికలూ ఉచితమే.

వాదన: మొదటిది ప్రభుత్వ ఖర్చుకు కళ్లెం వేసి, మిగులుతో స్కూలు పన్ను (ప్రాపర్టీ టాక్స్‌లో బడులకు వెళ్లే భాగం) తగ్గించమంటుంది. రెండోది ఆ మిగులు బడులకే పెట్టమంటుంది. 2023లో సొంతింటి మినహాయింపు, అంటే స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే మొత్తం, 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెరిగింది. అద్దె ఇంట్లో ఉన్నవాడికి అందులో నేరుగా ఒరిగిందేమీ లేదు. ఈ మాట రెండో వాళ్ల దగ్గరే గట్టిగా వినిపిస్తుంది.

రిస్క్: ఇద్దరిదీ ముందే తేల్చుకున్న పక్షం. అంకెలు నిజమైనా, ఏ అంకె వదిలేశారో చూసుకోవాలి. నాకైతే ఒకదాన్నే చదవడం దండగ.

బిల్లు ఎలా తగ్గుతుందన్నదే మీ ప్రశ్నయితే ఫౌండేషన్‌తో మొదలుపెట్టండి. పిల్లలు ప్రభుత్వ బడిలో ఉంటే, లేదా ఇంకా అద్దెకే ఉంటే, ఎవ్రీ టెక్సన్. బేసి సంవత్సరాల్లో 140 రోజులు శాసనసభ నడిచేటప్పుడు మాత్రం రెండూ చూడాల్సిందే.